సిటీ ఐ-డీఎస్ఐ వెనక నాలుగు ప్లగ్గులు: ఇంట్లో మార్చినోళ్లు ఎవరన్నా ఉండారా?

సిటీ_అనంతపురం

మాది 2006 హోండా సిటీ జెడ్‌ఎక్స్, ఐ-డీఎస్ఐ ఇంజను. 1,34,000 తిరిగింది. నాయన కొన్న బండి, ఆయనకు రాత్రిపూట చూపు ఆనక ఇడిసిపెట్టినాక నా చేతికొచ్చింది. రెండు నెల్ల నుంచి ఒకటే రోగం. సప్తగిరి సర్కిల్ కాడ ఏసీ వేసి నిలబెడితే సీటు కింద ఎవరో గోకుతా ఉన్నట్టు వణుకు. పెనుకొండ కాడ ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో తొక్కితే ముక్కుతుంది. లీటరుకు 14 ఇచ్చేది 11కు దిగింది.

పోయిన నెల తెలిసిన మెకానిక్ దగ్గర స్పార్క్ ప్లగ్గులు (ఇంజనులో రవ్వ కొట్టేవి) మార్పించినా. ఎనిమిది ప్లగ్గులు, ఒక్కోటి 180, మొత్తం 1,440. కూలి 400. వణుకు రొంత తగ్గినట్టు అనిపించె. ఎనిమిది రోజులకు మళ్లీ మామూలే.

నిన్న పొద్దున బానెట్ ఎత్తి ముందర కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) ఒకటి పీకి చూసినా. ప్లగ్గు కొత్తదే. ముందర నాలుగూ కొత్తవే. వెనకవి కంటికి కనపడవు కదా, ఫోను దోపి వీడియో తీసినా. వెనక కాయిళ్ల బోల్టుల మీద దుమ్ము అట్టలు కట్టి ఉంది. స్పానర్ తగిలిన గుర్తే లేదు. అంటే నేను ఎనిమిదింటికి దుడ్లిచ్చినా, ఆయప్ప నాలుగు మార్చి పంపించినాడు.

ఇంక నేనే చేసుకోవాలనుకుంటా ఉండా. సాకెట్ సెట్టు ఉంది, ఓపిక ఉంది. ఆ వెనక నాలుగింటికి చెయ్యి ఎట్ల పోతుంది? ఏమేమి ఊడదీయాల?

ఉగ్గాని_బజ్జి

నాలుగు సిలిండర్లకు ఎనిమిది ప్లగ్గులా? ఒకటి కాలకపోతే ఇంకోటి అని తీసుకున్నారా ఏంది, మా జేజి అగ్గిపెట్టెలు కొన్నట్టు.

పల్సర్_పిచ్చోడు

ఏం వింత బ్రో. పల్సర్‌కు 2003 నుంచే ఒక సిలిండర్‌కు రెండు ప్లగ్గులు. తర్వాత 200 ఎన్ఎస్‌కు మూడు. అక్కడా ఇదే కథ. కంటికి ఆనేదాన్ని మారుస్తారు, లోపల ఉండేదాన్ని దేవుడికి వదిలేస్తారు.

నంద్యాల_చెక్‌పోస్ట్

నాది 2007 సిటీ, నాలుగే ఉన్నాయి. ఎనిమిది ఎక్కడివి? మోసపోయానా ఏంటి కొంపదీసి?

తుంగభద్ర_తీరం

@నంద్యాల_చెక్‌పోస్ట్ మీది వీటెక్ ఇంజను అయి ఉంటుంది. దానికి సిలిండర్‌కు నాలుగు వాల్వులు, ఒకటే ప్లగ్గు, మొత్తం నాలుగు. ఐ-డీఎస్ఐది వేరే ఇంజను. సిలిండర్‌కు రెండే వాల్వులు, రెండు ప్లగ్గులు, ప్రతి ప్లగ్గు నెత్తిన సొంత కాయిల్. ఎనిమిది కాయిళ్లు. రెండు ప్లగ్గులూ ఎదురెదురు మూలల్లో ఉంటాయి. ఇంజను వేగాన్ని, లోడును బట్టి ఒకదాని వెనక ఒకటి రవ్వ కొడతాయి, కొన్నిసార్లు రెండూ ఒకేసారి. మంట రెండు వైపుల నుంచి పాకితే పెట్రోలు త్వరగా, పూర్తిగా కాలుతుంది. ఆ ఇంజను మైలేజీకి పేరు తెచ్చుకుంది దీనివల్లే.

కర్నూలులో మా బాబాయి బండి కూడా ఇదే. ముందు నాలుగు చిన్నపిల్లాడైనా మారుస్తాడు. వెనక నాలుగు అద్దం కింది నల్ల ప్లాస్టిక్ అడుగున, ఇంజనుకు, మనం కూర్చునే చోటుకు మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌కు ఆనుకొని ఉంటాయి. వైపర్లు, ఆ ప్లాస్టిక్ కౌల్ తీస్తే గాని నిటారుగా చెయ్యి దిగదు.

రిటైర్డ్_స్పానర్

నేను డిపోలో 31 ఏండ్లు పనిచేసినా. ఒక్క ప్లగ్గు మార్చలేదు. నమ్ముతారా?

పల్సర్_పిచ్చోడు

అంత సోమరా పెద్దాయనా?

రిటైర్డ్_స్పానర్

డీజిల్ బస్సుకు స్పార్క్ ప్లగ్గు యాడుంటుంది నాయనా. ఇంట్లో పద్మిని ఉన్నింది, దానికి మార్చేటోణ్ని. బానెట్ ఎత్తితే నాలుగూ వరసగా మొహం మీదనే. టీ నీళ్లు మరిగే లోపల అయిపోయేది. ఇప్పుడు ప్లగ్గు చూడాలంటే వైపరు పీకాలంట. పన్ను నొప్పికి బొడ్డు కోసినట్టు ఉంది.

గుత్తి_మెకానిక్

నేను మెకానిక్కునే కాబట్టి రెండు మాటలు. @సిటీ_అనంతపురం నీకు జరిగింది తప్పే. మార్చని ప్లగ్గుకు బిల్లు రాయడం దొంగతనం, దాంట్లో వాదన లేదు.

ఇంక మా పక్కది కూడా ఇనండి. నేను ఆ ఇంజనుకు ఎనిమిది మార్చాలంటే రెండు, రెండున్నర గంటలు. పాత వైపర్ ఆర్మ్‌లు పట్టేసి ఉంటాయి. ప్లాస్టిక్ క్లిప్పులు ముట్టుకుంటే పగులుతాయి, ‘నువ్వే ఇరగ్గొట్టినావు’ అంటారు. కాయిల్ కనెక్టర్ నాలుకలు ఎండకు ఎండి పెళపెళా ఇరుగుతాయి, అదీ మా నెత్తినే. ఇంత చేసి వెయ్యి అడిగితే ‘నాలుగు బోల్టులు ఇప్పడానికి వెయ్యా?’ అంటారు. ముందర నాలుగుకు 400 ఇచ్చి నవ్వుతా పోతారు. దాంతో చానామంది మెకానిక్కులు ముందరివి మార్చి ఊరుకుంటారు. నేను మాత్రం ముందే చెప్తా, ‘ఎనకవి కావాలంటే బండి ఇడిసిపెట్టి పోండి, 1,200’ అని. పదిమందిలో తొమ్మిదిమంది ‘వద్దులే అన్నా, ముందరివి చాలు’ అనేవాళ్లే.

సిటీ_అనంతపురం

1,200 అని చెప్పింటే ఇచ్చేవాణ్ని అన్నా. అడగకుండా నాకు నేనే వద్దన్నట్టు చేసినాడే, అదీ నా కడుపుమంట.

కడపమ్మాయి

నేను చేశాను. పోయిన ఏడాది, నాన్న బండికి, ఇదే ఇంజను. మొదటిసారి నాలుగు గంటలు పట్టింది, అందులో గంటన్నర ఒక్క వైపరుకే. చెప్తా చూడు.

రాత్రి బండి ఆపేసి పొద్దున ఆరింటికి మొదలుపెట్టు. కడప ఎండలో తొమ్మిది దాటితే బానెట్ రేకు మీద చెయ్యి ఆనించలేం, మీకూ అంతే అనుకుంటా. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్. వైపర్లు తీసే ముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగి ఉన్నాయో అక్కడ టేపు అతికించు. ఇది మర్చిపోవద్దు. నట్టు పూర్తిగా తీయకు, రెండు మరలు ఉంచి ఆర్మ్‌ని అటూ ఇటూ ఊపు. లేకపోతే పట్టు వదిలినప్పుడు ఎగిరి మొహానికి తగులుతుంది. తుప్పు స్ప్రే కొట్టి పావుగంట ఆగితే మంచిది. సుత్తి మాత్రం వాడకు. అద్దం మీద పాత దుప్పటి పరువు, ఆర్మ్ స్ప్రింగు జారి కొడితే అద్దం పోతుంది.

కౌల్ క్లిప్పుల్లో నాకు మూడు విరిగాయి. కొత్తవి ముందే ఒక డజను తెచ్చి పెట్టుకో, ఖర్చు ఎక్కువ కాదు. వైపర్ మోటారు జోలికి పోవాల్సిన పని నాకు రాలేదు, చెయ్యి సన్నం కాబట్టి కావచ్చు.

ఇప్పుడు అసలు పని. కాయిల్ తీసే ముందే గాలి కొట్టు. మన వైపు దుమ్ము సంగతి తెలిసిందే. ఆ గుంటలో చేరిన ఇసుక ప్లగ్గు ఊడగానే నేరుగా సిలిండర్లోకి పోతుంది. నేను సైకిల్ పంపుకు సన్న గొట్టం తొడిగి కొట్టాను. కాయిల్ ఒక్కో 10 నంబర్ బోల్టుతో ఉంటుంది, కనెక్టర్ నాలుకను నొక్కి లాగాలి, వైరు పట్టి లాగొద్దు. ప్లగ్గుకు 16 నంబర్ సాకెట్. ఒకదాన్ని తీసి, కొత్తది బిగించి, కాయిల్ పెట్టేశాకే రెండోదాని దగ్గరికి పో. అన్నీ ఒకేసారి ఊడదీస్తే కనెక్టర్లు కలగాపులగమవుతాయి.

తీసిన ప్లగ్గుల్ని కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టి నంబర్లు రాయి. ఏ సిలిండర్ ఎలా ఉందో తర్వాత అవే చెప్తాయి.

ఉగ్గాని_బజ్జి

కోడిగుడ్ల అట్ట బాగుంది. గుడ్లు ఏం చేసినావక్కా?

కడపమ్మాయి

నాలుగు గంటలు పనిచేశాక ఏం చేస్తారు, తిన్నాం.

ధర్మవరం_టు_బెంగుళూరు

@కడపమ్మాయి అంత ఊడదీయాల్సిన పని లేదండి. నేను కౌల్ తీయకుండానే మార్చాను. చిన్న రాచెట్, 3 అంగుళాల ఎక్స్‌టెన్షన్, మధ్యలో ఎటైనా వంగే యూనివర్సల్ జాయింట్. పక్క నుంచి వంకరగా దించాను. గంటలో అయిపోయింది.

తుంగభద్ర_తీరం

నాలుగూ?

ధర్మవరం_టు_బెంగుళూరు

మూడు. నాలుగోదానికి సాకెట్ లోపలే ఉండిపోయి ఎక్స్‌టెన్షన్ ఒక్కటే బయటికి వచ్చింది. దాన్ని తీయడానికి కౌల్ తీశాను.

ఉగ్గాని_బజ్జి

అదే ముందే తీసింటే...

రిటైర్డ్_స్పానర్

ఎక్స్‌టెన్షన్‌కు, సాకెట్‌కు మధ్య కీలు మీద ఎలక్ట్రిక్ టేపు రెండు చుట్లు చుట్టండయ్యా. ఊడదు. చిన్న పని, పెద్ద తలనొప్పి తప్పుతుంది. ఇంకోటి, యూనివర్సల్ జాయింట్ పెట్టి కొత్త ప్లగ్గును బిగించొద్దు. ఊడదీయడానికైతే సరే. అల్యూమినియం హెడ్డులో వంకరగా మర ఎక్కిందంటే ప్లగ్గు 180 రూపాయలు, హెడ్డు పని ఎన్ని వేలో లెక్కపెట్టుకోండి.

కడపమ్మాయి

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. వంకర పోకుండా నేను చేసింది ఇది: పెట్రోలు పైపు ముక్క ఒక జానెడు తీసుకొని ప్లగ్గు పైభాగానికి తొడిగాను. దాంతో గుంటలోకి దించి, ముందు ఎడమకు, అంటే ఊడదీసే వైపు, మెల్లగా తిప్పాలి. మర మొదలు దగ్గర ‘టక్’మని చిన్నగా కింద పడ్డట్టు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పితే సాఫీగా దిగుతుంది. వంకరగా ఎక్కబోతే పైపే జారిపోతుంది, మరను పాడుచేసే బలం దానికి లేదు. పైపుతో తిరిగినంతా తిరిగాకే సాకెట్ పెట్టాలి.

సిటీ_అనంతపురం

పైపు ఉపాయం భలే ఉంది. బిగించడం ఎంత? ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచి లేదు నాదగ్గర.

గుత్తి_మెకానిక్

చేత్తో ఆనేదాకా తిప్పి, ఆడ నుంచి అరచుట్టు, మహా అయితే చుట్టులో మూడింట రెండు వంతులు. వాషరు ఉన్న కొత్త ప్లగ్గుకు ఇది. పాతదే మళ్లీ పెడితే వాషరు ముందే అణిగి ఉంటుంది కాబట్టి ఊరికే రవ్వంత చాలు. మర మీద గ్రీజు రొంత పూస్తే వచ్చేసారి సులువుగా వస్తుంది.

తుంగభద్ర_తీరం

గ్రీజు దగ్గర నేను ఒప్పుకోను. ఎన్‌జీకే వాళ్ల ప్లగ్గుల మరకు ముందే పూత ఉంటుంది, దాని మీద యాంటీసీజ్ (మర పట్టేయకుండా పూసే గ్రీజు) పూయొద్దని కంపెనీనే చెప్తుంది. నూనె తడి ఉంటే అదే బలానికి ప్లగ్గు ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. మర సాగిపోతుంది, ఒక్కోసారి ప్లగ్గు మెడ దగ్గర తెగుతుంది. టార్క్ రెంచి దొరికితే, 14 మి.మీ. మర ప్లగ్గుకు అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు అంటారు. కారు పుస్తకం అంతకన్నా తక్కువ చెప్తే కారు పుస్తకం మాటే వినాలి.

గుత్తి_మెకానిక్

ఇరవై ఏండ్లుగా పూస్తా ఉండా సామీ, ఒక్కటి తెగలేదు.

తుంగభద్ర_తీరం

మీ చేతికి ఎంత బిగించాలో తెలుసు కాబట్టి. అడిగిన అన్న మొదటిసారి చేస్తున్నాడు.

గుత్తి_మెకానిక్

అది ఒప్పుకుంటా. సరే, పూయొద్దులే తమ్ముడూ. కాయిల్ రబ్బరు లోపల మాత్రం డైఎలక్ట్రిక్ గ్రీజు, అంటే కరెంటు పారనిది, రవ్వంత రాయి. ప్లగ్గుకు అంటుకోకుండా ఉంటుంది.

నంద్యాల_చెక్‌పోస్ట్

ఇంజను వేడిగా ఉంటే ప్లగ్గు సులువుగా వస్తుందని మా వీధిలో అంటారు. ఇక్కడేమో చల్లారాలి అంటున్నారు?

గుత్తి_మెకానిక్

బాగా వేడి మీద తిప్పితే అల్యూమినియం మర ప్లగ్గుతో పాటే చుట్టుకోని వస్తుంది. మొండిగా పట్టేసిన ప్లగ్గుకు గోరువెచ్చగా ఉన్నప్పుడు చూస్తాం, అంతే. ఇంట్లో చేసేవాళ్లు చల్లారినాకే చేయండి.

ఉగ్గాని_బజ్జి

అనంతపురంలో ఏప్రిల్లో చల్లారిన ఇంజను చూడాలంటే డిసెంబరు దాకా ఆగాల.

తుంగభద్ర_తీరం

@సిటీ_అనంతపురం ఊడదీసే ముందు ఒక పరీక్ష చెయ్. ఇంతకుముందు మెకానిక్ కాయిళ్లు ఒక్కోటి పీకి చూశాడా?

సిటీ_అనంతపురం

చూసినాడు. ఇంజను ఆన్‌లో పెట్టి ముందర ఒకటి రెండు కనెక్టర్లు పీకినాడు. శబ్దం మారలేదు, కాయిళ్లు బాగుండాయి అన్నాడు.

తుంగభద్ర_తీరం

మామూలు నాలుగు ప్లగ్గుల ఇంజనులో కనెక్టర్ పీకితే ఆ సిలిండర్ చస్తుంది, ఇంజను కుంటుతుంది. పీకినా తేడా రాలేదంటే ఆ సిలిండర్ ముందే చచ్చిందని అర్థం. మెకానిక్కులంతా ఈ లెక్కకే అలవాటుపడ్డారు. ఐ-డీఎస్ఐలో ఆ లెక్క తిరగబడుతుంది. ముందర కాయిల్ పీకినా వెనక ప్లగ్గు ఆ సిలిండర్‌ను నెట్టుకొస్తుంది, తేడా పెద్దగా తెలియదు. అంటే తేడా రాకపోవడమే ఇక్కడ ఆరోగ్యం.

పీకగానే ఇంజను కుంటితే ఆ సిలిండర్ వెనక ప్లగ్గు గాని, కాయిల్ గాని, వైరు గాని పనిచేయట్లేదు. ఇన్నాళ్లూ ముందరదే ఒంటిచేత్తో లాగుతోంది. వెనక నాలుగు చచ్చినా బండి నడుస్తూనే ఉంటుంది, ఎవరూ వాటి జోలికి పోకపోవడానికి కూలి ఒక్కటే కాదు, ఇదీ కారణం.

ఇంజను ఆపి, ఒక ముందర కనెక్టర్ తీసి, స్టార్ట్ చేసి పది పదిహేను సెకన్లు విను. ఆపి దాన్ని పెట్టేసి పక్కదానికి పో. ఎక్కువసేపు నడపొద్దు, కాలని పెట్రోలు పొగ గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో చేరి దాన్ని పాడుచేస్తుంది. నడుస్తున్నప్పుడు కాయిల్‌ను చేత్తో పైకి లాగడం లాంటి సాహసాలు వద్దు, వేల వోల్టులు ఉంటాయి.

రిటైర్డ్_స్పానర్

ఇది బాగా చెప్పినావు అబ్బాయా. నాకూ తెలీదు.

సిటీ_అనంతపురం

చేసినా! బెల్టు వైపు నుంచి లెక్కపెడితే 1, 2 పీకినా తేడా లేదు. 4 పీకితే ఊరికే రొంత. 3 పీకితే ఇంజను గిజగిజలాడి ఆగిపోబోయింది. నా పెండ్లాం లోపల్నుంచి ‘ఏం పీకినావు’ అని అరిచింది.

తుంగభద్ర_తీరం

ఐతే వెనక 3 చచ్చింది. ప్లగ్గా, కాయిలా, వైరా అనేది తెరిచాక తెలుస్తుంది. కాయిల్ అనుమానమైతే ముందర కాయిల్‌తో మార్చి పెట్టి మళ్లీ చూడు, రోగం కాయిల్ వెంట పోతే దొంగ దొరికినట్టే.

ఓమ్ని_ఓబులేసు

నా ఓమ్నీకి ముందర సీటు ఎత్తితే ప్లగ్గులు కనపడతాయి. ఎవరికీ దండం పెట్టాల్సిన పని లేదు. ఎండాకాలం ఆ సీటు మీద కూర్చుంటే అవి మనల్నే కాలుస్తాయి, అది వేరే సంగతి.

ధర్మవరం_టు_బెంగుళూరు

ఇరిడియం కొన ఉన్న ప్లగ్గులు వేసుకోండి, చాలా కాలం మళ్లీ ముట్టుకునే పని ఉండదు. చేతికి అందని చోట ఉన్నవాటికి అదే న్యాయం.

నంద్యాల_చెక్‌పోస్ట్

నికెల్‌వి చాలు. 20 ఏండ్ల బండికి ఇరిడియం ఎనిమిది కొంటే బండి రేటులో సగం.

కడపమ్మాయి

సగం కాదు గానీ, నేను రెండూ వాడాను. ముందు నికెల్, వెనక ఇరిడియం పెడదామని మొదట అనుకున్నా, తర్వాత మనసొప్పక అన్నీ ఒకటే రకం వేశా. ఏది కొన్నా నంబర్ పుస్తకంలో ఉన్నదే తీసుకో. ఎన్‌జీకేలో మధ్యన ఉండే అంకె వేడి లెక్క, అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లన. చివర 11 ఉంటే గ్యాప్, అంటే రవ్వ దూకే సందు, 1.1 మి.మీ. పెట్టెలోంచి తీసినా గేజితో ఒకసారి చూడు. కింద పడిన ప్లగ్గును మాత్రం వాడకు, పింగాణీ పగులు కంటికి కనపడదు.

పల్సర్_పిచ్చోడు

పెనుకొండలో కియా ఫ్యాక్టరీ వాళ్లను అడుగు అన్నా, పక్కనే కదా. అనంతపురం జిల్లా గర్వం.

ఉగ్గాని_బజ్జి

పెనుకొండ ఇప్పుడు సత్యసాయి జిల్లా. 2022లోనే పోయింది. మాకు మిగిలింది ఎండ, చెనిక్కాయలు.

సిటీ_అనంతపురం

చెనిక్కాయలు అన్నావు చూడు, ఆ సంగతే చెప్పడానికి వచ్చినా. నిన్న ఆదివారం పని అయిపోయింది. వరసగా చెప్తా.

పొద్దున ఐదున్నరకు మొదలు. కుడి వైపరు పది నిమిషాల్లో వచ్చింది. ఎడమది గంట. స్ప్రే కొట్టినా, ఊపినా, తిట్టినా రాలా. ఆఖరికి మా నాయన బయటికొచ్చి ‘వేడినీళ్లు పొయ్‌రా’ అన్నాడు. చెంబుడు నీళ్లు ఆ మొదట్లో పోసి ఊపితే వచ్చేసింది. కౌల్ క్లిప్పులు ఐదు ఇరిగినాయి, @కడపమ్మాయి కంటే రెండు ఎక్కువ.

కౌల్ ఎత్తినా. దాని కింద ఎలుక కాపురం. అబద్ధం కాదు, దోసెడు చెనిక్కాయ తొక్కలు, పాత సోఫా దూది, ఏదో పెండ్లి పత్రిక ముక్కలు. అది మా ఇంటి పత్రికే, మా చెల్లెలి పెండ్లిది. తొక్కలు సరిగ్గా మూడో కాయిల్ చుట్టూనే. కనెక్టర్‌కు పోయే వైర్లలో ఒకటి కొరికి తెగిపోయింది, ఇంకోటి రాగి కనపడతా ఉంది. వెనక 3 ఎందుకు చచ్చిందో అర్థమయ్యె. అంటే ప్లగ్గు మార్చింటే కూడా ఆ వణుకు పోయేది కాదు!

అంతా ఊడ్చి, గాలి కొట్టి, @కడపమ్మాయి చెప్పిన లెక్కన ఒక్కోటి మార్చినా. పైపు ఉపాయం నాలుగింటికీ పనిచేసింది. ఆ ‘టక్’ వినడానికి రెండోసారి కావాలనే మళ్లీ తిప్పి చూసినా. రెండో ప్లగ్గు మాత్రం ఊడదీసేటప్పుడు కీచుమనింది, గుండె ఆగినంత పనయ్యె. అర చుట్టు ఇప్పి, పావు బిగించి, మళ్లీ ఇప్పి, అట్ల పావుగంట చేస్తే వచ్చింది. పాతవాటి గ్యాప్ గేజి పెట్టి చూస్తే 1.5 దాటి ఉండాయి. కొనలు అరిగి బొడిపెలైనాయి. ఎన్నాళ్ల నుంచి ఉండాయో ఆ దేవుడికే తెలియాల.

వైరు పని నాతో కాలే. మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, స్లీవు తొడిగినాడు, 150 తీసుకున్నాడు. స్టార్ట్ చేస్తే... ఏం చెప్పాల, ఇంజను నడస్తా ఉందా లేదా అని రెండోసారి తాళం తిప్పబోయినా. అంత నెమ్మది. పరీక్ష మళ్లీ చేసినా, ముందర ఏది పీకినా నాలుగింటికీ చలనం లేదు. మైలేజీ రెండు ట్యాంకులు అయినాక చెప్తా.

ఉగ్గాని_బజ్జి

చెల్లెలి పెండ్లికి ఎలుకను కూడా పిలిచినారన్నమాట.

రిటైర్డ్_స్పానర్

పాతవాటి రంగు ఎట్ల ఉంది? లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే సరే. పొడి నల్లగా మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతా ఉంది. తడి నల్లగా, నూనె మెరుపుంటే రింగులో, వాల్వు సీళ్లో చూసుకోవాల. తెల్లగా కాలినట్టుంటే వేడి ఎక్కువ.

సిటీ_అనంతపురం

మూడు లేత గోధుమ. మూడోదొక్కటి నల్లగా, పొడిగా. రవ్వ లేకుండా ఊరికే కూర్చోని మసి పట్టించుకుంది అనుకుంటా.

తుంగభద్ర_తీరం

అవును, అది ఊరికే కూర్చుంటే ముందరదే పనంతా చేసింది. ఆఫీసుల్లో కూడా ఇలాంటివాళ్లు ఉంటారు.

నంద్యాల_చెక్‌పోస్ట్

ఎలుకలకు ఏం చేయాలి? మాదీ వేపచెట్టు కింద పెడతాం.

గుత్తి_మెకానిక్

నాఫ్తలీన్ ఉండలు గుడ్డలో కట్టి పెడతారు, వేడికి పదిరోజుల్లో అయిపోతాయి. పొగాకు కాడలు కూడా పెడతారు. నా మట్టుకు, బండి రెండ్రోజులకొకసారైనా కదిలిస్తే ఎలుక ఇల్లు కట్టదు. నిలబెట్టిన బండే దానికి ఇల్లు. చెనిక్కాయల మూటలు బండి పక్కన పెట్టకండి, అదీ ముఖ్యం.

సిటీ_అనంతపురం

మూటలు బండి పక్కన కాదన్నా, డిక్కీలోనే ఉండె. మా మామ పంపించినవి.

తుంగభద్ర_తీరం

బాబాయి బండి తెరిచి చూశాం ఈ చర్చ చదివాక. సర్వీసు బిల్లుల్లో ‘8 ప్లగ్గులు’ అని రెండుసార్లు ఉంది. వెనక నాలుగు ముందరివాటి కంపెనీవి కూడా కావు, ఎన్నేళ్లవో. బాబాయి రెండ్రోజులుగా ఎవరితో మాట్లాడట్లేదు.

పల్సర్_పిచ్చోడు

@సిటీ_అనంతపురం ఆ మెకానిక్‌ని అడిగినావా లేదా?

సిటీ_అనంతపురం

పోయినా. గొడవ పడదామనే పోయినా. పాత నాలుగు ప్లగ్గులు కోడిగుడ్ల అట్టలో పెట్టి బల్ల మీద పెట్టినా. చూసినాడు. ఏం మాట్లాడకుండా సొరుగు లాగి నాలుగు కొత్త ప్లగ్గులు, పెట్టెలు కూడా చింపనివి, బయట పెట్టినాడు. ‘నీవే అన్నా, ఎత్తిపెట్టినా. ఎనకవి మళ్లీ వచ్చినప్పుడు చేద్దామనుకున్యా’ అన్నాడు. నవ్వాల్నో కొట్టాల్నో తెలీలే. తెచ్చుకున్యా.

గుత్తి_మెకానిక్

కూలిలో 200 కూడా తిరిగి తీసుకోవాల్సింది.

సిటీ_అనంతపురం

టీ తాపించినాడన్నా.

ఉగ్గాని_బజ్జి

200 రూపాయల టీ.

సిటీ_అనంతపురం

రెండు ట్యాంకులు అయినాయి. ఒకటికి 13.4, రెండోదానికి 13.8. పెనుకొండ ఎత్తు నాలుగో గేరులోనే ఎక్కింది.

కడపమ్మాయి

శభాష్. వైపర్లు టేపు గుర్తు మీదికే వచ్చాయా?

సిటీ_అనంతపురం

టేపు అంటే గుర్తొచ్చె. వేడినీళ్లు పోసినప్పుడు ఎడమది ఊడిపోయింది. అంచనాగా పెట్టినా. ఫర్వాలేదులే, మా ఊళ్లో వైపరు ఎవురు వేస్తారు?

ఉగ్గాని_బజ్జి

నిజమే, వాన పడితే గదా.

సిటీ_అనంతపురం

జూన్ రెండో వారం. రాప్తాడు దాటినాక వాన పడె. వైపరు వేసినా. కుడిది అద్దం తుడిచింది. ఎడమది అద్దం దాటిపోయి అద్దం పక్కనున్న బండి స్తంభాన్ని టపాటపా కొడతా ఉంది, రోడ్డు మీద అందరూ చూస్తా ఉండారు. మళ్లీ ఆ నట్టు ఇప్పాలంటే వేడినీళ్లు పెట్టాల్నా, వద్దా?